పేరు అరువుది, ఆట మనది



గత కొన్నేళ్ళుగా మన తెలుగునాట పాత సినిమాలకు మళ్ళీ పట్టాభిషేకాలు జరుగుతున్నవి. 2006 నాటి ‘పోకిరి’ని 2022 ఆగస్టులో తిరిగి తెరమీదికి తెచ్చినారు. మరుసటి నెలలో ‘జల్సా’ వచ్చినది. ఆ యేటి చివరిరోజున ‘ఖుషి’ వచ్చినది. అప్పటినుండి ఏ నటుని పుట్టినరోజు వచ్చినా ఒక పాతబొమ్మ తిరిగి రావలసిందే. తెరముందు కాగితపుముక్కలు చిమ్మే కుర్రవాళ్ళలో చాలామంది, ‘ఖుషి’ మొదట వచ్చిన 2001 నాటికి ఉయ్యాలలోనైనా పడనివారు. దీనిని ఎవరూ వింతగా చూడలేదు. గ్రంథానికి పునర్ముద్రణ, నాటకానికి పునఃప్రదర్శన, సినిమాకు పునర్విడుదల, ఇవన్నీ మనకు అలవాటైన మాటలు.

పాత వీడియో గేమునకు పునర్విడుదల అంటే మాత్రం మన సాహిత్యమిత్రులు కొందరు నవ్వుతారు. అందులోనూ అరువు పేరుతో చేసిన ఆటను, అనగా ఒక సినిమా పేరో, కార్టూను బాతు పేరో, ముష్టియోధుని పేరో లైసెన్సుగా తీసికొని చేసినదానిని, అది మొదట ఆడిన ముసలి పెట్టె మీదికే మరల తేవడమంటే పనిలేని మంగలి పిల్లితల గొరిగినట్లని వారి భావం. నా అభిప్రాయం వేరు. పేరు అరువిచ్చినవాడు, ఆ పేరుతో రేపు చేయబోయే కొత్త ఆటను వద్దనవచ్చును. నిన్న తానే ఒప్పుకొని, సొమ్ము పుచ్చుకొని, లోకంలోకి పంపిన ఆటను మరల అచ్చువేయకుండ ఆపే అధికారం అతనికి ఉండరాదు. ప్రతి ప్రతికీ అతని వాటా అతనికి ముట్టాలి; అంతవరకే అతని హక్కు. ఈ టపాలో చెప్పదలచినది ఇదే.

తెలుగు పండితునికి ఈ గోల యెందుకని అడుగబోయేవారికి ఒక మాట. మన 1957 నాటి కాపీరైటు చట్టం రెండవ సెక్షనులో ‘సాహిత్యకృతి’కి చెప్పిన అర్థంలో కంప్యూటరు ప్రోగ్రాములు కూడ చేరి ఉన్నవి. అనగా చట్టం దృష్టిలో మనుచరిత్రమూ, మారియో ఆట లోపలి ప్రోగ్రామూ ఒకే తానులోని ముక్కలు. పెద్దనగారు దీనికి ఏమనేవారో తెలియదు గాని, సాహిత్యకృతి అని చట్టమే అన్న తరువాత దాని పాఠశుద్ధి, దాని పునర్ముద్రణ మావంటివారి పరిధిలోకి రాకపోవు.

1990లలో జగ్గయ్యపేట, నందిగామ పిల్లలకు వీడియో గేము అంటే ఏమిటో ముందు చెప్పాలి. జపాను దేశపు నింటెండో సంస్థ 1983 జూలైలో ‘ఫామికామ్’ అనే పెట్టెను తన దేశంలో అమ్మకానికి పెట్టినది. 1985లో దానినే రూపు మార్చి అమెరికాలో అమ్మినది. మన ఊళ్ళకు వచ్చినవి దాని నకళ్ళు. విజయవాడ బజార్లలో కొని, హైదరాబాదు రోడ్డు మీదుగా బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చుకొనేవారు. పిల్లలు దానిని ‘టీవీ గేమ్’ అన్నారు. పైన గుచ్చే ప్లాస్టిక్కు బిళ్ళను ‘క్యాసెట్టు’ అన్నారు. పాటల క్యాసెట్టుకూ దీనికీ పోలికేమీ లేదు, అయినా ఆ పేరే స్థిరపడినది. సొంతంగా పెట్టె లేనివారికి గంటకింత అని తీసికొని ఆడించే కొట్లు ఉండేవి. శార్దూల గణాలు మ-స-జ-స-త-త-గ అని పదిమార్లు చెప్పించినా తడబడే పిల్లవాడు, ‘కాంట్రా’లో ముప్పై ప్రాణాలు తెచ్చే మీటల వరుసను, పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ అని నిద్రలో లేపి అడిగినా అప్పగించేవాడు. దానికీ ఒక యతిస్థానం ఉన్నట్లే వినిపించేది.

ఈ నకళ్ళు ఇంత సులభంగా ఎలా నడిచినవంటే, అమెరికాకు పంపిన పెట్టెలో నింటెండోవారు ఒక తాళపుచిప్పు పెట్టినారు. క్యాసెట్టులో దానికి జోడీ చిప్పు లేకపోతే ఆట మొదలు కాదు. జపాను పెట్టెలో ఆ తాళం లేదు. మనకు వచ్చినవి జపాను పెట్టె పోలికవి గనుక వాటిలో ఎవరు చేసిన క్యాసెట్టయినా ఆడేది. ‘9999 ఆటలు ఒకే క్యాసెట్టులో’ అని అట్ట మీద ఉండేది. లోపల చూస్తే పదో పదిహేనో ఆటలు, మిగిలినవన్నీ అవే ఆటలను వేరువేరు చోట్లనుండి మొదలుపెట్టేవి. అష్టోత్తర శతనామావళిలో దేవుడొక్కడే కదా అని అప్పుడే ఒక సహోపాధ్యాయుడు చమత్కరించినాడు.

ఈ క్యాసెట్టులే మన పిల్లలకు ఆ ఆటలను చేర్చిన మాట నిజం. అయితే పండితునిగా నాకు అందులో ఒక చిక్కు కనిపిస్తుంది. నకలు చేసినవాడు కర్త పేరు చెరిపివేసేవాడు. మొదటి తెర తీసివేసేవాడు. సంవత్సరం ఉండదు, సంస్థ పేరు ఉండదు. కొన్నిటిలో బొమ్మలే మార్చి మరొక పేరు తగిలించేవాడు. తాళపత్ర ప్రతులలో లేఖకుల చేతివాటం చూచినవారికి ఇది కొత్త కాదు. పద్యం మిగులుతుంది, గద్యలో కవిపేరు ఎగిరిపోతుంది. ఒక ప్రతిలో ఉన్న ఆశ్వాసం మరొక ప్రతిలో ఉండదు. బ్రౌనుదొర జీతాలిచ్చి పండితులను కూర్చోబెట్టి ప్రతులను సరిపోల్చి శుద్ధప్రతులు వ్రాయించినది ఇందుకే. వావిళ్ళవారి ముద్రణలను ఇప్పటికీ కళ్ళకద్దుకొనేదీ ఇందుకే. ఆటకు హక్కుదారు చేతిమీదుగా జరిగే పునర్విడుదల అటువంటి పరిష్కృత ముద్రణ. దొంగప్రతి ఉన్నది గదా అని శుద్ధప్రతి వద్దనడం చెల్లదు.

ఇక అరువు పేర్ల సంగతి. 1987లో నింటెండో తన పెట్టెకు ‘మైక్ టైసన్స్ పంచ్-అవుట్’ అనే ముష్టియుద్ధపు ఆటను విడుదల చేసినది. చిట్టచివరి ప్రత్యర్థి టైసనే. ఆ పేరును వాడుకొనే గడువు తీరగానే, 1990లో అదే ఆటను టైసన్ లేకుండ మళ్ళీ అమ్మినారు. ముఖం మార్చి, ‘మిస్టర్ డ్రీమ్’ అని ఒక కల్పిత యోధుని నిలబెట్టినారు. గుద్దులు అవే, ఒడుపులు అవే. మా ఊరి పాతపేరు బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు తమ తండ్రి జగ్గయ్యగారి పేరు పెట్టిన తరువాత జగ్గయ్యపేట అయినది. పేరు మారితే ఊరు ఎక్కడికీ పోదు. ఆటలో కూడ పేరు ఊడదీసినా మిగిలేది ఎంత పెద్దదో ‘పంచ్-అవుట్’ చూపినది.

అన్ని ఆటలకూ ఈ వెసులుబాటు లేదు. ‘డక్‌టేల్స్’ అనే 1989 నాటి ఆటలో కథానాయకుడే డిస్నీవారి ముసలి బాతు. బాతును తీసివేస్తే ఆట లేదు. ఆ ఆటకే 2013లో కొత్త బొమ్మలతో చేసిన రూపాన్ని 2019 ఆగస్టులో అంగళ్ళనుండి దించివేసినారు. 2020 మార్చిలో మళ్ళీ పెట్టినారు. ఆ ఏడునెలలలో ఆటలో ఒక్క అక్షరం మారలేదు. 1997లో వచ్చిన ‘గోల్డెన్‌ఐ’ కథ ఇంకా సాగదీసినది. జేమ్స్ బాండు పేరు సినిమావారిది. ఆట చేసిన రేర్ సంస్థను 2002లో మైక్రోసాఫ్టువారు కొన్నారు. ఆట వెలువడిన పెట్టె నింటెండోవారిది. ముగ్గురూ ఒక మాటమీదికి వచ్చి దానిని తిరిగి బయటపెట్టేసరికి 2023 జనవరి అయినది. ఇరవై అయిదేళ్ళు! మన పల్లెల్లో దాయాదుల పొలం తగాదా కూడ కొన్నిసార్లు ఇంతకంటె ముందు తెములుతుంది.

2019లోనే లిమిటెడ్ రన్ అనే అమెరికా సంస్థ ఒక మంచిపని చేసినది. 1991లో నింటెండో పెట్టెకు వచ్చిన ‘స్టార్ వార్స్’ ఆటను, హక్కుదారుల అనుమతితో, పాత పెట్టెలోనే గుచ్చి ఆడుకొనే కొత్త క్యాసెట్టుగా అచ్చువేసినది. పెట్టె తయారీ ఎప్పుడో ఆగిపోయినది. పేరు డిస్నీవంటి మహాసంస్థ చేతిలో ఉన్నది. అయినా పని జరిగినది. కనుక ఇది జరగని పని అనేవారి మాటను నేను నమ్మను.

ఇంతకూ ఈ లైసెన్సు ఎలా పనిచేస్తుంది? పేరుగల సంస్థ, ఆట చేసే సంస్థకు ఇన్ని సంవత్సరాలు, ఈ దేశాలలో, ఈ పెట్టె మీద అని హద్దులు గీసి అనుమతి ఇస్తుంది. గడువు తీరితే కొత్త ప్రతులు చేయరాదు. మిగిలిన సరుకు అమ్ముకోవడానికి కొద్ది నెలలు ఇస్తారు. పాట హక్కు వేరు, నటుని ముఖం హక్కు వేరు, గొంతు హక్కు వేరు. పదేళ్ళు గడిచేసరికి ఒక సంస్థ అమ్ముడుపోతుంది, మరొకటి మూతబడుతుంది. ఒప్పందపు కాగితం ఎవరి బీరువాలో ఉన్నదో చెప్పేవాడుండడు.

మన సినిమాలలోనూ ఇదే. హైదరాబాదు గోల్డ్‌స్టోన్‌వారు ‘మాయాబజార్’కు రంగులద్ది 2010 జనవరిలో విడుదల చేస్తే జనం విరగబడి చూచినారు. వారు అదే దారిలో ఇంకా పలు పాతచిత్రాలను తేవాలనుకొన్నారు. హక్కులు ఎవరివన్న చిక్కు వలన అవి రాలేదు. ‘చందమామ’ గతి మన బ్లాగులోకానికి నేను చెప్పనక్కరలేదు. 1947లో పుట్టిన పత్రిక 2007లో జియోడెసిక్ అనే ముంబాయి సంస్థ చేతికి వెళ్ళినది. ఆ సంస్థే మునిగినది. 2013 నాటికి అచ్చు ఆగినది. బేతాళకథలను ఈనాటికీ బ్రతికించి ఉంచినది అటక మీది సంచికలను దించి స్కాను చేసిన పాఠకులు.

2023లో అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ ఒక అధ్యయనం వెలువరించినది. 2010కి పూర్వం ఆ దేశంలో విడుదలైన ఆటలలో నేడు అంగట్లో దొరికేవి 13 శాతమేనని తేల్చినది. అమెరికా గతే అదైతే మన సంగతి? మనకు ఆటలు ఎక్కడున్నవి అంటారేమో. ఉన్నవి. హైదరాబాదులో చేసినవే ఉన్నవి.

సోనీవారి ప్లేస్టేషన్ 2 జపానులో 2000 మార్చిలో వచ్చినది. 15 కోట్లకు పైగా అమ్ముడై, 2013 ఆరంభంలో తయారీ ముగించుకొన్నది. తరువాతి పెట్టె 2006లోనే వచ్చినా మన దేశంలో దాని ధర అందక, చాలాకాలం పాతదే ఇళ్ళలో రాజ్యమేలినది. ఆ పెట్టె వృద్ధాప్యంలోనే, 2009లో, హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్‌వారు ‘హనుమాన్: బాయ్ వారియర్’ చేసినారు. భారతదేశంలోనే పూర్తిగా తయారై ఆ పెట్టెకు వెలువడిన ఆటలలో తొలిదిగా దానిని చెప్పుకొన్నారు. ఆ యేడే హైదరాబాదు గేమ్‌శాస్త్రవారి ‘దేశీ అడ్డా: గేమ్స్ ఆఫ్ ఇండియా’ వచ్చినది. కబడ్డీ, గాలిపటాలు, బిళ్ళంగోడు అందులో ఆడవచ్చు. అదే గేమ్‌శాస్త్రవారి చేతినుండి ‘డాన్ 2’ సినిమా పేరుతో మరొక ఆట, 2013లో, పెట్టె తయారీ ఆగిపోయిన యేడే వచ్చినది. పెండ్లి అయిపోయిన తరువాత వచ్చిన బాజాలవంటిది పాపం.

హనుమంతుని ఆట మీద అప్పట్లో అమెరికాలోని కొందరు హిందూప్రముఖులు అభ్యంతరం చెప్పినారు. భక్తుడు దేవుని ఆరాధించాలిగాని మీటలు నొక్కి నడిపించరాదని వారి వాదం. తోలుబొమ్మలాట చూచి పెరిగిన తెలుగువానికి ఈ వాదం రుచించదు. మన ఆటగాడు పుల్ల పట్టుకొని ఆంజనేయుని ఎగిరించి, దూకించి, లంక కాల్పించి, తెల్లవారేసరికి అదే బొమ్మకు దండం పెట్టి పెట్టెలో పడుకోబెట్టేవాడు. నడిపించడం భక్తికి అడ్డమని అతనికి ఎవరూ చెప్పలేదు.

హనుమంతుని పేరుకు లైసెన్సు అక్కరలేదు. కిష్కింధలో దానికి ఆఫీసు లేదు. ‘డాన్ 2’ అట్లు కాదు. ఇక్కడ ఒక తమాషా చూడండి. 1978లో హిందీలో ‘డాన్’ వచ్చినది. మరుసటి యేడే తెలుగులో ‘యుగంధర్’ అయినది; కె.ఎస్.ఆర్. దాస్ దర్శకులు, నందమూరి తారకరామారావుగారు కథానాయకులు. (2022 ఏప్రిల్‌నుండి మా కృష్ణాజిల్లా మెట్టప్రాంతానికి జిల్లాపేరు కూడ ఆయనదే!) 1980లో తమిళంలో ‘బిల్లా’ అయినది. 2006లో షారుఖ్ ఖానుతో హిందీలో మరల ‘డాన్’, 2007లో తమిళంలో మరల ‘బిల్లా’, 2009లో ప్రభాస్‌తో తెలుగు ‘బిల్లా’. 2011లో హిందీలో రెండవభాగం. ఒక్క కథను చేతులు మార్చుకొంటూ, హక్కులు కొనుక్కొంటూ, అనుమతులిచ్చుకొంటూ ముప్పైమూడేళ్ళు బ్రతికించినారు. అందరికీ లాభం వచ్చినది. ఆ వంశవృక్షానికి చివరికొమ్మగా మన హైదరాబాదు పిల్లలు చేసిన ఆట ఒక్కటే నేడు కొట్లో కొత్తప్రతి దొరకక ఎండిపోయినది. కథకు ఇచ్చిన మర్యాద ఆటకు ఎందుకు ఇవ్వరు?

ఆటలు గొప్పవి కావు, విమర్శకులు మెచ్చలేదు, వాటిని మరల అచ్చువేయడం దేనికి అని కొందరనవచ్చు. తొలి తెలుగు నవలలన్నీ గొప్పవేనా? తొలి టాకీలలో ఎన్నిటిని ఇప్పుడు ఓపికగా చూడగలం? 1931 నాటి ‘కాళిదాసు’ చిత్రపు ప్రతి మనకు మిగలలేదు. అది బాగున్నదో లేదో చెప్పే అవకాశమే మనకు లేకుండ పోయినది. మంచిచెడ్డలు తేల్చడానికైనా వస్తువు చేతిలో ఉండాలి గదా.

మరొక ప్రశ్న బలమైనది. తేదలచుకొంటే ఫోనులోకో, కొత్త పెట్టెలోకో తేవచ్చునే, ముసలి పెట్టె మీదికే ఎందుకు? నందిగామలో మా పూర్వవిద్యార్థి ఒకడు టీవీలు, మిక్సీలు బాగుచేసే కొట్టు పెట్టుకొన్నాడు. మూలన పడవేసిన ప్లేస్టేషన్లను తెచ్చి, లోపలి లెన్సు మార్చి, దుమ్ము దులిపి, తక్కువ ధరకు అమ్ముతాడు. “మాస్టారూ, పెట్టెను నేను బ్రతికిస్తానండీ, అందులో పెట్టడానికి డిస్కు ఎక్కడ తెమ్మంటారు? ఉన్నవాటికి గీతలు పడిపోయినయ్యి” అన్నాడు. “దేశీ అడ్డా ఉందిట్రా?” అంటే, “ఒకటుందండీ, సగం ఆడి ఆగిపోద్ది” అన్నాడు. వాని గిరాకీ అంతా కొత్త పెట్టె కొనలేనివారు. యాభైవేల పెట్టెలోకి పాత ఆటను తెస్తే వీరికి ఒరిగేదేమిటి?

యంత్రానికీ ఆటకూ ఉన్న సంబంధం కూడ తక్కువది కాదు. నింటెండోవారి ‘డక్ హంట్’లో తుపాకి పట్టుకొని తెరమీది బాతులను కాల్చాలి. ఆ తుపాకి పాతకాలపు లావు టీవీ ముందు మాత్రమే పనిచేస్తుంది. నేటి పలుచని టీవీ ముందు ఎంత గురి పెట్టినా బాతు రాలదు. అంటే తెర కూడ ఆటలో భాగమే. కొత్త పెట్టె మీదికి తెచ్చినది అనువాదంవంటిది. అనువాదాలు రావలసిందే, అందులో తగాదా లేదు. మూలం కూడ అచ్చులో ఉండాలన్నదే నా పట్టు.

ఇందులో అపాయాలు లేకపోలేదు. 2017లో ‘స్ట్రీట్ ఫైటర్’ ముప్పైయేళ్ళ పండుగకు ‘స్ట్రీట్ ఫైటర్ 2’ సూపర్ నింటెండో క్యాసెట్టును 5,500 ప్రతులు మరల అచ్చువేసినారు. దానితోపాటు ఒక హెచ్చరిక: దీనిని పాత పెట్టెలో పెడితే వేడెక్కి నిప్పంటుకోవచ్చునట, మంటలార్పే సాధనం దగ్గర ఉంచుకొమ్మన్నారు! అమ్మేవాడే అగ్నిమాపకాన్ని తలచుకొనే సరుకు ఇంకెక్కడైనా ఉన్నదా? హాస్యానికి పోయినా, ముసలి యంత్రం ముసలిదే. లోపలి కెపాసిటర్లు ఎండిపోతవి, లెన్సు మసకబారుతుంది. అయితే డిస్కులు కొత్తవి వస్తేనే పెట్టెలను బాగుచేసుకొనేవారుంటారు; గిరాకీ ఉంటేనే నందిగామ కొట్టు నిలుస్తుంది.

ప్లేస్టేషన్ 2 విషయంలో రెండవ ద్వారపాలకుడు ఒకడున్నాడు. మన పాత టీవీ గేము పెట్టెవలె అది ఎవరి సరుకును పడితే వారి సరుకును ఆడదు. సోనీవారి ముద్రతో తయారైన డిస్కు కాకపోతే మార్పుచేయని పెట్టె దానిని త్రోసిపుచ్చుతుంది. అందుకే ఎవరి లైసెన్సూ అక్కరలేని హనుమంతుడు సైతం బయటికి రాలేకపోతున్నాడు. పేరు గలవాడు, పెట్టె గలవాడు, ఇద్దరూ తలుపు తీయాలి. తయారీ మానుకొన్న పెట్టెకు తాళం మాత్రం పట్టుకొని కూర్చోవడం ఏమి న్యాయమో నాకు బోధపడదు. బావి పూడ్చిన తరువాత చేదతాడుకు కాపలా కాచినట్లున్నది.

మన చట్టంలోనే దీనికి ఒక దారి కనిపిస్తుంది. కాపీరైటు చట్టం 31వ సెక్షను చదవండి. ఒకసారి ప్రకటితమైన కృతిని హక్కుదారు తిరిగి ప్రచురించడానికి గాని, ఇతరులను ప్రచురించనివ్వడానికి గాని నిరాకరించి, ఆ కారణంగా అది ప్రజలకు అందకుండ పోతే, న్యాయమైన ప్రతిఫలం నిర్ణయించి ప్రచురణకు అనుమతి ఇప్పించవచ్చునని అందులో ఉన్నది. పూర్వం ఈ సెక్షను భారతీయ కృతులకే పరిమితంగా ఉండేది. 2012 సవరణతో ఆ హద్దు తొలగినది. ఆటలోని ప్రోగ్రాము సాహిత్యకృతి అని చెప్పిన చట్టమే ఇది. సినిమాపేరు వంటి వాణిజ్యనామాల చిక్కు ఈ సెక్షనుతో తీరదు, దానికి వేరే చట్టమున్నది. అయినా నిరాకరించి దాచిపెట్టడం హక్కు కాదన్న భావం మన శాసనాలలో ఇప్పటికే ఉన్నదని చెప్పడానికి ఇది చాలు.

పేరుగలవారి వాదనను నేను త్రోసివేయడం లేదు. నటుడు తన ముఖం ఎక్కడ కనబడాలో చెప్పే హక్కు గలవాడే. కొత్త సినిమా వస్తున్న వేళ పాత ఆట బజారులో ఉంటే గందరగోళమని నిర్మాత భయపడవచ్చు. దానికి మందు ఒప్పందంలోనే ఉన్నది. మొదటి కాగితం వ్రాసుకొనే రోజుననే ఒక్క వాక్యం చేర్చితే సరి: గడువు తీరిన తరువాత కూడ, ఆటలో ఏమీ మార్చకుండ, మొదటి సంవత్సరం అట్ట మీద స్పష్టంగా ముద్రించి, ప్రతికింత అని చెల్లించి, పరిమిత సంఖ్యలో పునర్ముద్రించుకోవచ్చునని. పుస్తకప్రచురణలో పునర్ముద్రణ షరతు లేకుండ ఏ తెలివైన రచయితా సంతకం పెట్టడు. ఆటలు చేసే మన కుర్రవాళ్ళు ఇంజనీరింగులో ఎంత చదివినా ఈ ఒక్క మాట నేర్చుకోలేదు. ఇకముందు ఏ తెలుగు సినిమా పేరుతో ఆట చేసినా ఈ వాక్యం లేకుండ సంతకం పెట్టవద్దని వారికి నా మనవి.

ఇక ఇప్పటికే ఉన్న మూడింటిలో ముందుగా తేవలసినది ‘దేశీ అడ్డా’ అని నా ఓటు. అందులో సినిమావారి పేరు లేదు, నటుని ముఖం లేదు. ప్రచురించినది సోనీవారే గనుక పెట్టెతాళం చెవి కూడ వారి బొడ్డునే ఉన్నది. వేయి ప్రతులు ముందుగా సొమ్ము కట్టించుకొని అచ్చువేస్తే నష్టం రాదు. అట్ట మీద ‘హైదరాబాదులో తయారైనది, 2009’ అని పెద్ద అక్షరాలతో వేయాలి. లోపల ఒక చిన్న తెలుగు పుస్తకం పెట్టాలి. అందులో గిల్లీదండా అని వ్రాయకుండ బిళ్ళంగోడు అని వ్రాయాలి, కబడ్డీ ప్రక్కన చెడుగుడు అన్న మాట కూడ ఉండాలి. ఆ పుస్తకం వ్రాసిపెట్టడానికి నేను సిద్ధం, ప్రతిఫలం అక్కరలేదు. నందిగామ కొట్టువాడు అయిదు ప్రతులకు డబ్బు కడతానన్నాడు. జగ్గయ్యపేటనుండి ఒకటి నాది.